వైద్యశాల కట్టడము – రోగి క్షేమము
(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున తల్లిదండ్రుల సభలో గావించిన ప్రసంగ పాఠము)



పాఠశాల సభలో ఆసుపత్రిని గూర్చిన ప్రసంగ మేల యని కొందరికి తోచవచ్చును. పిల్లలు గల యింటివారికి ఆసుపత్రితో పని పడని సంవత్సరము ఉండదు. జ్వరమునకో, కాన్పునకో, ముసలివారి ఆయాసమునకో మనము కంప్లి ఆసుపత్రి మెట్లెక్కుదుము. అచ్చట కాని పనికి బళ్ళారికో, హొస్పేటకో, ఏరు దాటి గంగావతికో పోవుదుము. పోయినప్పుడు మన మడుగునవి రెండే ప్రశ్నలు: డాక్టరు ఉన్నారా, మందులు ఉన్నవా? ఆ కట్టడ మెట్లున్నదని ఎవరును అడుగరు. గోడలకును కిటికీలకును మన జబ్బుతో ఏమి సంబంధమని మన తలంపు. కట్టడముకూడ చికిత్సలో ఒక భాగమే యనియు, చెడ్డ కట్టడము మంచి వైద్యుని శ్రమనైనను వ్యర్థము చేయగలదనియు నేడు మీకు విన్నవింపదలచితిని.

ఇది పాశ్చాత్యులు మనకు నేర్పిన సంగతి కాదు. చరక సంహిత సూత్రస్థానమున 15వ అధ్యాయములో రోగి నుంచవలసిన గృహ మెట్లుండవలెనో చెప్పబడినది. అది గట్టిదిగా ఉండవలెను. ఎదురుగాలి దూసుకొని రాకుండ, ఒక భాగమున మాత్రము గాలి ఆడునట్లుండవలెను. పొగ, ఎండ, నీరు, దుమ్ము సోకరాదు. సుఖముగా నడచుటకు చోటుండవలెను. నీటి వసతి, స్నానపు గది, మరుగుదొడ్డి, వంటయిల్లు ఉండవలెను. గుంటూరు ప్రాంతపు మల్కాపురములో క్రీ. శ. 1261 నాటి శాసన మొకటి గలదు. రుద్రమదేవి కాలమునాటి ఆ శాసనము ప్రసూతిశాలను, ఆరోగ్యశాలను వేరువేరుగా పేర్కొనుచున్నది. కాన్పుకు వచ్చిన తల్లిని జ్వరపీడితుల నడుమ పరుండబెట్టరాదను వివేకము ఏడున్నర శతాబ్దములకు పూర్వమే మన తెలుగునాట నుండెనని దానివలన ఊహింపవచ్చును.

ఫ్లోరెన్సు నైటింగేలు పేరు మన పిల్లలందరును చదువుదురు. దీపము చేతబట్టి రాత్రులు రోగుల నడుమ తిరిగిన దయామయి యని పాఠ్యపుస్తకములు చెప్పును. ఆమె లెక్కలలో దిట్ట యనియు, కట్టడముల మర్మ మెరిగిన మనిషి యనియు అవి చెప్పవు. క్రిమియా యుద్ధకాలమున, 1854లో, ఆమె పనిచేసిన స్కుటారి ఆసుపత్రి ఒక సైనికుల బారకాసు. దాని క్రింద మురుగుకాలువలు పూడిపోయి యుండెను. 1855 ఫిబ్రవరిలో అచ్చట మరణములు నూటికి 42 వరకు పోయెను. మార్చిలో వచ్చిన ఆరోగ్య పరిశీలక సంఘమువారు కాలువలను కడిగించి, గాలి వచ్చుటకు దారులు తీయించిరి. జూన్ నాటికి మరణములు నూటికి రెండింటి దరిదాపునకు దిగెను. ఋతువు మారుటయు కొంత కారణమై యుండవచ్చును. అయినను ఆ పాఠమును ఆమె మరువలేదు. 1859లో ఆసుపత్రుల కట్టడమును గూర్చియే ఒక గ్రంథము వ్రాసెను. పొడవైన వార్డు, ఎత్తైన కప్పు, రెండువైపుల ఎదురెదురుగా కిటికీలు: ఇదే ఆమె కోరినది. మన దేశములోని పాత సర్కారు ఆసుపత్రుల పొడవాటి వార్డులు ఈ వంశమునకు చెందినవే.

మన భాషవారికి మిక్కిలి పరిచితమైన ఆసుపత్రిని తీసికొందము. హైదరాబాదున మూసీనది ఒడ్డున అఫ్జల్‌గంజి ఆసుపత్రి యుండెను. 1908 సెప్టెంబరు 28వ తేదీన వచ్చిన వరద దానిని నాశనము చేసినది. ఆ ఆవరణలోని చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆసుపత్రి పోయి చెట్టు నిలిచినది! పిమ్మట మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో, విన్సెంట్ ఎష్ అను శిల్పి గీసిన నమూనా ప్రకారము, ఉస్మానియా ఆసుపత్రి వెలసినది. దళసరి గోడలు, ఎత్తైన కప్పులు, వెడల్పు వసారాలు, పైన గుమ్మటములు. యంత్రములు లేని కాలములో ఎండను వెలుపల నిలిపి, గాలిని లోనికి పిలుచుటకు చేసిన ఏర్పాటది. నూరేండ్లపాటు పేదలకు అది పెద్ద దిక్కు.

కాని కట్టుట యొక యెత్తు, నిలుపుకొనుట యొక యెత్తు. మరమ్మతులు వెనుకబడి కప్పు పెచ్చులు రాలుచుండగా, వైద్యులు తలలకు హెల్మెట్లు పెట్టుకొని నిరసన తెలిపిన దినములు గూడ వచ్చినవి. 2020 జూలైలో వానలకు మురుగునీరు వార్డులలో నిలిచి, రోగుల మంచముల క్రింద పారినది. ఆ నెలలోనే పాత భవనమును ఖాళీ చేయించిరి. దానిని కూల్చవలెనని కొందరు, ప్రాచీన సంపదగా కాపాడవలెనని కొందరు న్యాయస్థానములవరకు పోయిరి. 2025 జనవరి 31న గోషామహలులో క్రొత్త భవనమునకు శంకుస్థాపన జరిగినది. నా మట్టుకు నాకు తోచునది యేమనగా, ఆ నమూనాలో దోషము లేదు. నీరు పోవు దారిని, కప్పును ఏటేట చూడకుండుటయే దోషము. శంకుస్థాపనకు వచ్చు పెద్దలు చాలమంది. గట్టరు తీయించుటకు వచ్చువారు అరుదు.

ఏటి ఒడ్డు మాట వచ్చినది కనుక ఒక సంగతి. మనదియు ఏటి ఒడ్డు ఊరే. తుంగభద్ర డ్యాము గేట్లు విరివిగా ఎత్తిన దినములలో కంప్లి–గంగావతి వంతెన మునిగి రాకపోకలు నిలిచిపోవుట మీరెరుగుదురు. కాన్పు నొప్పులు వంతెన తేలువరకు ఆగవు. కనుక ఆసుపత్రి స్థల నిర్ణయము కేవలము ఇంజనీరు కాగితముల పని కాదు. ఏ దారి ఏ నెలలో మునుగునో తెలిసిన స్థానికుల పనియు అగును.

ఇక గాలి సంగతి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరములో 1915లో క్షయరోగులకై ఒక సానిటోరియము స్థాపించిరి. అప్పటికి క్షయకు మందు లేదు. ఎత్తైన ప్రదేశము, ఎండ, గాలి, విశ్రాంతి, మంచి ఆహారము: ఇవే చికిత్స. తరువాత మందులు వచ్చినవి. 1956లో మద్రాసులో ప్రారంభించిన పరిశోధన యొకటి, మందులు సరిగా వాడిన రోగి యింటివద్ద ఉన్నను సానిటోరియములో ఉన్నంత బాగుగనే నయమగునని 1959లో తేల్చినది. కాబట్టి గాలియే మందని నేను చెప్పుట లేదు. గాలి రోగిని నయము చేయకపోయినను, ప్రక్క మంచమువానిని కాపాడును. లీమా నగరమున ఎనిమిది ఆసుపత్రులలో 70 గదులను పరీక్షించి 2007లో ప్రకటించిన లెక్క యిది: తలుపులు, కిటికీలు తెరచిన గదులలో గాలి గంటకు 28 మారులు మారుచున్నది; యంత్రముతో గాలి నెక్కించు గదులలో 12 మారులు. తెరచిన గదులలోనే, ఏబది యేండ్లకు పూర్వము కట్టిన ఎత్తైన గదులలో 40 మారులు, క్రొత్తవాటిలో 17 మారులు మాత్రమే. 2020, 2021 సంవత్సరములలో కోవిడ్ వచ్చినప్పుడు ఈ లెక్క విలువ యేమో మనకందరకును తెలిసివచ్చినది.

మన పెద్దలు మట్టిమిద్దెలకు గవాక్షి విడిచిరి. వేడిగాలి పైకి పోవును, వెలుతురు క్రిందికి దిగును. బళ్ళారి సీమలో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుచుండగా ఆ మిద్దెలలో మనుష్యులు నిద్రించిరి. ఇప్పుడు తక్కువ ఎత్తు స్లాబు వేసి, పడమటి గోడకు అద్దములు పెట్టి, ఎండను లోనికి రప్పించి, దానిని వెళ్ళగొట్టుటకు కరెంటు ఖర్చు పెట్టుచున్నాము. నేను చూచిన ఒక ఆసుపత్రిలో వార్డుకు నాలుగు మంచి కిటికీలు ఉండెను. రెండింటికి అడ్డముగా ఇనుప బీరువాలు, మూడవదానికి కూలరు, నాల్గవదానికి మేకులు కొట్టిన అట్ట. గుత్తేదారు కిటికీలు పెట్టినాడు, బిల్లు వచ్చినది, గాలి మాత్రము రాలేదు. స్లాబుపైన తెల్లని సున్నము పూయుట, పడమటి దిక్కున వసారా దింపుట, వేపచెట్లు పెంచుట పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు.

చెట్టు అంటిని గదా. అమెరికాలో రోజర్ ఉల్రిచ్ అను పండితుడు 1984లో ఒక చిత్రమైన విషయము ప్రకటించెను. పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో పిత్తాశయమునకు శస్త్రచికిత్స అయిన 46 మంది రోగుల కాగితములను ఆతడు పరిశీలించెను. 23 మందికి కిటికీనుండి చెట్లు కనబడెను. తక్కిన 23 మందికి ఇటుకగోడ కనబడెను. చెట్లు చూచినవారు సగటున ముప్పాతిక దినము ముందుగా ఇంటికి పోయిరి. నొప్పికి ఘాటైన మందులు తక్కువగా అడిగిరి. 46 మంది పెద్ద సంఖ్య కాదు. దీనితోనే అంతయు తేలినదనరాదు. కాని మంచము పట్టిన ముసలివారు తలయెత్తి వాకిటి చెట్టును ఏల చూతురో ఎరిగిన మనకు ఇది వింతగా తోచదు.

ఇంతవరకు చెప్పినది సుఖమును గూర్చి. ఇక ప్రాణమును గూర్చి. 2011 డిసెంబరు 9న కలకత్తాలో ఏ.ఎమ్.ఆర్.ఐ. ఆసుపత్రిలో తెల్లవారుజామున అగ్నిప్రమాదము జరిగినది. వాహనములు నిలుపుటకు ఉద్దేశించిన నేలమాళిగలో మండు వస్తువులు నిలువచేసి యుండిరి. మంట క్రిందనే యుండగా పొగ గొట్టముల దారిని పై అంతస్తులకు ఎగబ్రాకెను. భవనమునకు చుట్టును బిగించిన అద్దములు, తెరచుటకు వీలులేదు. సుమారు 90 మంది, అందు పెక్కురు రోగులు, చనిపోయిరి. మంటకన్న పొగయే చంపినది. అది మంచి పేరున్న, ధనికులు పోవు ఆసుపత్రి. అద్దముల మెరుపు చూచి ఆసుపత్రి మంచిదని నిర్ణయించుట మనలో గూడ ప్రబలుచున్నది గనుక దీనిని చెప్పితిని.

చిన్న ఊళ్ళలో ప్రమాదము వేరు రూపమున నుండును. దొంగల భయముతో కిటికీలకు కదలని కటకటాలు, వెనుక తలుపుకు తాళము, తాళపుచెవి ఎవరివద్ద నున్నదో రాత్రి ఎవరికిని తెలియదు. మెట్ల క్రింద పాత పరుపులు, విరిగిన కుర్చీలు. మేడపైన కాన్పుల వార్డు. లిఫ్టు ఉన్నను కరెంటు లేదు. చక్రముల మంచము దిగుటకు వాలుదారి లేదు. స్నానపు గదిలో నున్నని టైల్సు పరచి, పట్టుకొనుటకు గోడకు ఒక ఇనుప కడ్డీయైన పెట్టరు. తుంటి విరిగి ఆసుపత్రికి వచ్చిన ముసలమ్మ, ఆసుపత్రిలోనే జారి రెండవ తుంటి విరుగగొట్టుకొనుట జరుగరానిది. చేతులు కడుగుకొను కుళాయి వార్డు చివర నుండినచో, నర్సమ్మ ఎంత శ్రద్ధగలదైనను మంచమునకు మంచమునకు నడుమ ప్రతిసారి అంత దూరము నడువజాలదు. కుళాయిని చేరువకు తెచ్చుట ఉపదేశముకన్న మేలు.

మన ఆసుపత్రులకు కావలసిన మరియొకటి విదేశీ నమూనాలలో కనబడదు. మనలో రోగి ఒంటరిగా పోడు. తల్లి, ఆలి, అన్నదమ్ములు వెంట నుందురు. గంజి కాచుదురు, మరుగుదొడ్డికి నడిపింతురు, మందుచీటీ పట్టుకొని తిరుగుదురు. వారికి చోటు విడువక కట్టిన ఆసుపత్రిలో వారు మంచముల నడుమ, మెట్లమీద పరుందురు. అటుపిమ్మట గుంపు పెరిగినదని, శుభ్రము చెడినదని వారినే గద్దింతురు. వంట చేసికొనుటకు, పడుకొనుటకు, స్నానము చేయుటకు ఒక సత్రము వంటిది ఆవరణలో ఉన్నయెడల ఆ గద్దింపు అక్కరయుండదు.

ఈ సభవారికి ప్రత్యేకముగా చెప్పవలసినది బోర్డుల మాట. 1953 అక్టోబరు 1న బళ్ళారి మైసూరు రాష్ట్రమున చేరిననాటినుండి ఇచ్చటి కచేరీ భాష కన్నడము, అది న్యాయమే. మన పిల్లలు కన్నడము చక్కగా చదువుదురు. చదువే రాని పెద్దవారికి మాత్రము కన్నడము, తెలుగు, ఇంగ్లీషు మూడును ఒక్కటే. రక్తపరీక్ష గది, ఎక్సురే గది, కాన్పుల గది ఏ వైపో తెలియక వసారాలో తిరుగుచు, అడుగుటకు సిగ్గుపడి వెనుకకు వచ్చినవారిని నేనెరుగుదును. నేలపై ఒక్కొక్క విభాగమునకు ఒక్కొక్క రంగు గీత, తలుపుపైన ఒక బొమ్మ ఉన్నచో ఏ భాషవారికైనను చాలును. ఇది తెలుగువారి కోరిక మాత్రమే కాదు. మన ప్రక్కింటి కన్నడ అవ్వకును ఇదే కావలెను.

ప్రభుత్వ ఆసుపత్రులకు ఆరోగ్య రక్షా సమితులు గలవు. వానిలో స్థానికులకు స్థానము గలదు. కంప్లి తాలూకా కేంద్రమైనది. సముదాయ ఆరోగ్య కేంద్రమునకు నియమముల ప్రకారము 30 పడకలు. జనము పెరుగుచున్నకొలది క్రొత్త గదులు, క్రొత్త అంతస్తులు ఇచ్చటను చుట్టుపట్ల ఊళ్ళలోను లేచుచునే యుండును. గోడలు లేచిన పిదప కిటికీ అడుగుట కష్టము. నమూనా కాగితముమీద ఉన్నప్పుడు అడుగుట సులభము. మీలో మేస్త్రీలున్నారు, వడ్రంగులున్నారు, ప్రసవమునకై ఆ వార్డులలో దినములు గడపిన తల్లులున్నారు. వానకాలమున నీరెటు పారునో, మధ్యాహ్నము ఏ గోడ కాలునో, రాత్రి ఏ తలుపు మూయుదురో మీకు తెలిసినంత నమూనా గీసినవారికి తెలియదు. సమితిలోని సభ్యులెవరో కనుగొని, సమావేశము తేదీ తెలిసికొని, ఇద్దరు ముగ్గురు తల్లులను వెంటబెట్టుకొని పోయి కూర్చుండుడు. కాన్పుల వార్డు ఏ అంతస్తునో మొదట అడుగుడు.

పిల్లల నాటకమునకు వేళయైనదని ప్రధానోపాధ్యాయులు గడియారము చూపుచున్నారు.