దృశ్యకావ్యకర్త శ్రీ బి. నరసింగరావు గారు
(భైంసా వార్షిక మహాసభయందుఁ గావించిన ఉపన్యాసము)



పాఠశాలలో కావ్యములు చెప్పుచు వయస్సు గడపిన మాకు చలనచిత్రముతో నేమి పనియని కొందఱకుఁ దోఁపవచ్చును. కావ్యము దృశ్యమనియు శ్రవ్యమనియు రెండు విధములని ఆలంకారికులు చెప్పియున్నారు. దృశ్యకావ్యమునకు మన కాలపు రూపము చలనచిత్రము. అందుఁ గథ కూర్చువాఁడు కవి, ఆడించువాఁడు సూత్రధారుఁడు, ఆడువాఁడు నటుఁడు. ఈ మూఁడు పనులను తామే నిర్వహించిన తెలంగాణీయుల నొకరినిగూర్చి నేఁడు మనవి చేసెదము.

శ్రీ బి. నరసింగరావు గారు 1946వ సంవత్సరమున నాఁటి మెదకు జిల్లాలోని ప్రజ్ఞాపురమున జన్మించిరి. హైదరాబాదునఁ జిత్రలేఖన మభ్యసించిరి. కృష్ణచందరు గారి ఉర్దూ నవల ననుసరించి గౌతమ్ ఘోష్ గారు తీసిన ‘మా భూమి’ చిత్రమునకు నిర్మాతలలో నొకరై, రచనయందును బాలుపంచుకొనిరి. తెలంగాణ రైతుల సాయుధపోరాటము దాని వస్తువు. పిమ్మట 1983లో ‘రంగుల కల’ వెలువడెను. రచన, దర్శకత్వము, నాయకపాత్ర మూఁడును వారివే. నాయకుఁ డొక చిత్రకారుఁడు. కుంచె పట్టుట వారి కొకరు నేర్పవలసిన పని లేకపోయెను. ఆ చిత్రము ఉత్తమ తెలుఁగు చిత్రముగా జాతీయ పురస్కార మందెను.

1988 నాఁటి ‘దాసి’ వీరి కృతులలో మిన్నయని మా యభిప్రాయము. కథాకాలము 1920 ప్రాంతము. దొరల యింటి కన్య యత్తవారింటి కేఁగునపుడు దాసీబాలికలను వెంటఁ బంపు దురాచారము మన దేశమున నుండెను. వారిని ఆడబాపలనిరి. గడీలో నట్టి దాస్యమున మ్రగ్గి, గర్భవతియై, గడీవారి యాజ్ఞచే నా గర్భమును బోఁగొట్టుకొనవలసి వచ్చిన కమలాక్షి కథ యిది.

ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని అభినయము నాలుగు తెఱఁగులు. ఈ చిత్రమున వాచిక మత్యల్పము. దాసికి మాటాడు హక్కెక్కడిది? కవి వేఱు, దర్శకుఁడు వేఱు అయిన చోట ఇంత మౌనము కుదురుట కష్టము. సంభాషణలు వ్రాసి యిచ్చువాఁడు తన మాటలను వదలుకొన నిష్టపడఁడు. ఇచట కవియే సూత్రధారుఁడు గాన, మాట చేయవలసిన పనిని ముఖమునకును, గోడకును, చీరకును అప్పగించెను.

ఆ చిత్రమునకు జాతీయ పురస్కారము లైదు లభించెను. ఉత్తమ తెలుఁగు చిత్రముగా నొకటి; నటి అర్చన గారికి, ఛాయాగ్రాహకులు అపూర్వ కిశోర్ బీర్ గారికి, కళాదర్శకులు తోట వైకుంఠము గారికి, వస్త్రాలంకరణమునకు సుదర్శన్ గారికి తక్కినవి. వైకుంఠము గారు నాఁటి కరీంనగరు జిల్లా బూరుగుపల్లివారు. నేత కులవృత్తిగాఁ గల మనము దీనిని గమనింపవలెను: కట్టిన చీరయే కథ చెప్పఁగలదని ఈ చిత్రము నిరూపించినది.

1990లో ‘మట్టి మనుషులు’ వచ్చెను. పల్లె విడిచి హైదరాబాదునఁ గట్టడపుఁ గూలికిఁ జేరిన వారి కథ యది. భీవండికిని సూరతుకును మగ్గముల పనికై వలసపోయిన బంధువులు లేని కుటుంబము ఈ సభలో నెన్ని యుండును? వారి కథ నెవరు వ్రాయుదురు?

మన సంఘపు విద్యార్థి సహాయనిధి వైద్యవిద్యకును ఇంజనీరింగునకును ఉదారముగా నొసఁగుచున్నది, సంతోషము. చిత్రలేఖనము, నాటకము, చలనచిత్రరచన నేర్వఁ గోరు బాలబాలికలకు మాత్ర మందు స్థానము లేదు. చక్కఁగా బొమ్మలు వేసిన మా శిష్యులు కొందఱు నేఁడు ప్రత్తి దుకాణములలో లెక్కలు వ్రాయుచున్నారు. ఆ పని తక్కువది కాదు. కాని వారికి వేఱొక దారి యెవ్వరును జూపలేదు.

ఈ విద్య కూడు పెట్టునా యని తండ్రులు శంకింతురు. శంక న్యాయమైనదే. నరసింగరావు గారంతటివారి కథాచిత్రములు వ్రేళ్లపై లెక్కింపఁదగినవి. త్వరగా ఫలింపని విద్యకే గదా పోషకు లవసరము! కావున ఏఁటేఁట నొక్క విద్యార్థికైన ఈ నిధినుండి కళాభ్యాసమునకు వేతన మీయవలసినదిగాఁ బోషకమహాశయులను బ్రార్థించుచున్నాము. మన యింటి కథ మన బిడ్డ చెప్పఁగా విను భాగ్యము మనకుఁ గలుగుఁగాక.

స్వస్తి.