పసివారి ఆటకు పెద్దల లెక్క
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)





రజతోత్సవ నిధిలో కొంత వెచ్చించి, ప్రతి ఆదివారమును పసిబిడ్డల తల్లులను ఇచటికి రప్పించి, ఆటపాటల మూలమున బిడ్డల బుద్ధి వికసింపజేయు విధమును వారికి నేర్పవలెనని మన యువకులు ఒక ప్రతిపాదన తెచ్చిరి. ఆటలకు కూడ సొమ్మా యని కొందరు పెద్దలు నవ్విరి. మేలు జరిగి తీరునని యువకులు వాదించిరి. ఉభయులను నేనడుగు ప్రశ్న ఒక్కటే: మేలు జరిగినదని తెలియుట యెట్లు?

భాగవత దశమస్కంధమున చిన్నికృష్ణుడు మన్ను తినెనని బలరాముడును గోపబాలురును యశోదకు చెప్పిరి. తినలేదని కృష్ణుడనెను. ఆమె ఎవరి మాటతోను సరిపెట్టుకొనక, ఆ బాలుని నోటిలోనికి స్వయముగా చూచెను. పరీక్ష యనగా అదియే.

అయితే చూచుటకును ఒక పద్ధతి కలదు. వానలు చక్కగా కురిసిన యేడు అందరి పైరును ఏపుగా పెరుగును. క్రొత్త ఎరువు వేసిన రైతు అది తన ఎరువు మహిమ యనును. ఎరువు వేయని ప్రక్కచేను చూచిన గాని నిజము తేలదు. బిడ్డల సంగతియు నంతే. ఏడాది గడచిన ప్రతి బిడ్డయు నడచును, మాటలు నేర్చును. ఆ పెరుగుదల నంతయు మన ఖాతాలో జమ కట్టుకొన్నచో అది దొంగలెక్క యగును.

ఈ లెక్కను సరిగా వ్రాసినవారు కలరు. జమైకా ద్వీపమున కింగ్‌స్టన్ నగరములో 1986–87 సంవత్సరములలో శాలీ గ్రాంథం-మెక్‌గ్రెగర్ అను వైద్యురాలును ఆమె సహచరులును, వయస్సునకు తగిన ఎత్తు పెరగని 129 మంది పేదబిడ్డలను నాలుగు జట్లుగా విభజించిరి. ఒక జట్టునకు పుష్టికరాహారమును, ఒక జట్టునకు ఆటను, ఒక జట్టునకు రెండును ఇచ్చిరి. నాల్గవ జట్టునకు ఈ రెండును లేవు. ఆట యనగా, ఆరోగ్య కార్యకర్త వారమునకొకమారు ఇంటికి వచ్చి, ఇంటనే చేయదగిన బొమ్మలతో బిడ్డతో ఆడుట తల్లికి చూపుట. ఇట్లు రెండేండ్లు జరిగెను. ఆ బిడ్డలు 22 ఏండ్లవారైన పిమ్మట వెదకిచూడగా 105 మంది దొరకిరి. 2014లో ప్రకటించిన లెక్క ప్రకారము, ఆట నోచుకొన్నవారి సంపాదన నోచుకొననివారి కంటె 25 శాతము అధికముగా ఉండెను. ఆహారము వలన తొలుత కనబడిన బుద్ధిబలము మాత్రము కాలక్రమమున నిలువలేదు. అన్నము వ్యర్థమని దీని యర్థము కాదు. అన్నము ఒక్కటియే చాలదని యర్థము.

ఇది విని యువకులు ఉప్పొంగరాదు. కొలంబియా దేశమున 96 పట్టణములలో 1,420 మంది బిడ్డలతో ఇట్టి పథకమునే 18 మాసములు నడపిరి. ముగిసిననాడు బిడ్డల బుద్ధిలోను, మాటను గ్రహించుటలోను వృద్ధి కనబడెను. ఆ ఫలితమును 2014లో ప్రకటించిరి. రెండేండ్లకు మరల చూడగా ఆ తేడా మాసిపోయి యుండెను. తొలినాడే పుస్తకము మూసియున్నచో ఈ సంగతి ఎవరికిని తెలిసెడిది కాదు.

మన పొరుగున ఒడిషాలో 192 గ్రామములలో జరిగిన పరీక్ష మనకు మిక్కిలి దగ్గరిది. ఇంటింటికి పోయి నేర్పుట యొక విధము, తల్లులను ఒకచోట కూర్చి నేర్పుట మరియొక విధము. రెండింటను బిడ్డలకు మేలు ఇంచుమించు సమముగానే కలిగెననియు, కూర్చి నేర్పుటకు ఖర్చు తక్కువయనియు 2020లో వెల్లడించిరి. కనుక మన ఆదివారపు ఆలోచన నవ్వదగినది కాదు.

ఇక మన కర్తవ్యము. చావడిలో పట్టునది పదిపన్నెండు మంది తల్లులు మాత్రమే. చీట్లు వేసి కొందరిని ఈ యేడు, తక్కినవారిని మరుసటి యేడు పిలువుడు. ఎవరికిని అన్యాయము జరుగదు, ప్రక్కచేనును దొరకును. ప్రారంభమునకు ముందే ఉభయులను ఇట్లు ప్రశ్నింపుడు: గడచిన మూడు దినములలో బిడ్డకు పుస్తకము చూపితిరా? కథ చెప్పితిరా? పాట పాడితిరా? బయటికి తీసికొనిపోతిరా? ఆడితిరా? వస్తువుల పేర్లు చెప్పుట, లెక్కించుట చేసితిరా? తండ్రిని కూడ అడుగుడు. ఏడాది గడచిన పిమ్మట, రెండవ జట్టును పిలువకముందే, మరల అవే ప్రశ్నలడుగుడు. నేర్పినవారు అడుగరాదు, అడుగువారికి ఎవరు ఏ జట్టువారో తెలియరాదు. నేర్పిన పిల్లను నొప్పింపలేక ఏ తల్లియైనను ఆడితిననియే చెప్పును గదా! జమాఖర్చులు వ్రాసినవాడే తనిఖీ చేయరాదను నియమము ఇచటను వర్తించును.

ఇంతటి చిన్న ఊరిలో ఇన్ని కొద్దిమందితో బిడ్డల బుద్ధిని తూచలేము. ఇంటిలో ఆట పెరిగినదో లేదో మాత్రము కొంతవరకు తెలిసికొనగలము. పెరుగనిచో ఆ మాటను ఈ వేదికపైననే ఒప్పుకొని పద్ధతి మార్పవలెను.

బొమ్మలకు పెద్ద ఖర్చు అక్కరలేదు. చింతపిక్కలు, కొబ్బరిచిప్పలు, తాటాకులు, పాతగుడ్డలు చాలును. చింతపిక్క నోట పెట్టుకొను వయస్సు బిడ్డకు దానిని ఈయకుండుట తల్లి వివేకము.

తుదకొక మాట. నా పిల్లలు పసివారై నా లెక్కపుస్తకముల పైకి ప్రాకి వచ్చినప్పుడు నేను విసుగుకొని వారిని అవతల దింపించితిని. ఆ పుస్తకములలో నేడొక్క పైసయు తప్పు లేదు. ఆ దినములు మాత్రము ఏ పుటలోను జమపడలేదు. ఇపుడు చిన్నబిడ్డలున్న తండ్రులారా! ఆదివారము మీ ఇల్లాండ్రను పంపి మీరు అరుగుపై కూర్చుండకుడు; మీరును రండు.