కత్తి గొప్పదా, గొడ్డలి గొప్పదా?



పిల్లల వీడియో గేముల గురించి మాట్లాడమంటే మనలాంటి తల్లిదండ్రులం సాధారణంగా ఒకటే మాట అంటాం: “ఆ కంప్యూటరు కట్టేసి అన్నానికి రా!” నేనూ ఏళ్ల తరబడి ఆ మాటే అంటున్నాను. ఈ రోజు మాత్రం ఆ ఆటలోకే దిగి, అందులోని ఆయుధాల గురించి నాలుగు మాటలు చెబుతాను. కారణం ఏమిటంటే, ఆ ఆయుధాల మీద మా ఇంట్లో వచ్చిన ఒక తగాదాలో నేను తప్పు తీర్పు చెప్పాను.

ఆట పేరు మైన్‌క్రాఫ్ట్. మీ పిల్లలకు తెలిసే ఉంటుంది. ఉత్త చేతులతో ఒక అడవిలో పడతాం. చెట్లు కొట్టాలి, రాళ్లు తవ్వాలి, చీకటి పడేసరికి తలదాచుకోవాలి. రాత్రయితే దయ్యాల్లాంటివి మీదికి వస్తాయి. వాటితోనో, తోటి ఆటగాళ్లతోనో పోరాడి బతకాలి. అందులో అపురూపమైన వాటిలో ఒకటి వజ్రం. రెండు వజ్రాలుంటే కత్తి, మూడుంటే గొడ్డలి చేసుకోవచ్చు.

మావాడు ఇక్కడ కంప్యూటరులో ఆడతాడు. గుంటూరులో మా తమ్ముడి కూతురు ఫోనులో ఆడుతుంది. ఆదివారం ఆదివారం ఇద్దరికీ ఆ కబుర్లే. ఒకసారి మావాడు, “చెల్లీ, వజ్రాలు దొరికితే ముందు గొడ్డలి చేసుకో. కత్తికన్నా దాని దెబ్బ గట్టిది” అన్నాడు. ఆ పిల్ల నెల రోజులు తవ్వి సంపాదించిన మూడు వజ్రాలూ గొడ్డలికే పెట్టింది. తీరా చూస్తే గొడ్డలి పక్కన కత్తికన్నా చిన్న అంకె కనిపించింది. “పెదనాన్నా, అన్నయ్య నాకు అబద్ధం చెప్పాడు” అని ఒకటే ఏడుపు. అంకె నాకూ చూపించింది. ఇక విచారణ దేనికి? మావాణ్ని పిలిచి, నోరెత్తనివ్వకుండా సారీ చెప్పించాను. వాడు చెప్పాడు. ఆ తర్వాత రెండు నెలలు ఆదివారం ఫోను దగ్గరికే రాలేదు.

అసలు సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మైన్‌క్రాఫ్ట్ ఒకటి కాదు, రెండు. కంప్యూటరులో మావాడు ఆడేది జావా ఎడిషన్, ఫోనులో ఆ పిల్ల ఆడేది బెడ్‌రాక్ ఎడిషన్. చూడటానికి అక్కచెల్లెళ్లలా ఉంటాయిగాని, పోరాట సూత్రాలు వేరు. బెడ్‌రాక్‌లో వజ్రపు కత్తి దెబ్బ 8, గొడ్డలి దెబ్బ 7. జావాలో కత్తి 7, గొడ్డలి 9. ఇద్దరూ నిజమే చెప్పారు!

మరి జావాలో అంత తేడా ఉంటే కత్తి ఎవరు పట్టుకుంటారు? అక్కడే ఉంది కిటుకు. పూర్వం జావాలో కూడా మౌసు ఎంత వేగంగా నొక్కితే అంత వేగంగా కొట్టేవారు, కత్తిదే పైచేయి. 2016 ఫిబ్రవరి 29న వచ్చిన 1.9 వెర్షన్ దాన్ని మార్చేసింది. ఒక దెబ్బ కొట్టాక చెయ్యి మళ్లీ పుంజుకోవాలి. కత్తికి 0.625 సెకను, వజ్రపు గొడ్డలికి పూర్తిగా ఒక సెకను. తొందరపడి ముందే కొడితే దెబ్బలో సత్తువ ఉండదు. ఈ మార్పు గిట్టని పాత కాపులు ఇప్పటికీ పోరాటాల కోసం పాత 1.8 వెర్షన్‌నే పట్టుకుని ఉన్నారు. ఏళ్ల తరబడి వేళ్లకు నేర్పిన విద్య ఒక్క రోజులో పనికిరాకుండా పోతే ఎవరికి మాత్రం కోపం రాదు? సాఫ్ట్‌వేరులో తలలు నెరిసిన మనకు ఆ బాధ ఒకరు చెప్పాలా!

నేను లెక్కల మనిషిని కనుక కాగితం తీశాను. సెకనుకు సగటున చూస్తే కత్తి 11.2, గొడ్డలి 9. కత్తే గెలిచింది, కేసు కొట్టేద్దామనుకున్నాను. కానీ మనిషి ప్రాణం సగటుల మీద పోదు, దెబ్బల మీద పోతుంది. ఆటగాడి ప్రాణం 20. కవచం లేనివాడికి ఏ ఆయుధమైనా మూడు దెబ్బలు చాలు. మొదటి దెబ్బకు ఆగనక్కర్లేదు కాబట్టి కత్తికి సెకనుంబావు, గొడ్డలికి రెండు సెకన్లు.

ఇప్పుడు అదే మనిషికి తల నుంచి పాదాల దాకా ఇనుప కవచం తొడగండి. కవచం ప్రతి దెబ్బలో కొంత వంతు మింగేస్తుంది. అయితే దెబ్బ బరువు పెరిగేకొద్దీ అది మింగే వంతు తగ్గుతుంది. కత్తి దెబ్బ 7లో ఒంటికి తగిలేది 3.78, గొడ్డలి దెబ్బ 9లో తగిలేది 5.22. అంటే కత్తికి ఆరు దెబ్బలు, గొడ్డలికి నాలుగు. కాలం చూస్తే కత్తికి 3.1 సెకన్లు, గొడ్డలికి 3. వెంట్రుకవాసిలో గొడ్డలి ముందుంది! పోనీ వజ్రపు కవచం తొడిగితే? కత్తికి 11 దెబ్బలు, 6.25 సెకన్లు. గొడ్డలికి 8 దెబ్బలు, 7 సెకన్లు. మళ్లీ కత్తే. మంత్రాలూ మందులూ కలపని లెక్క ఇది. అవి కలిపితే నా కాగితం చాలదు.

ఇంకా ఉంది. గొడ్డలితో ఒక దెబ్బ కొడితే దాని ఆయుష్షు రెండు పాళ్లు తరుగుతుంది, కత్తికి ఒక పాలే. జావాలో కత్తి ఒక్క వేటుకు చుట్టూ మూగిన వాళ్లకు కూడా తగులుతుంది. గుంపు మీద పడితే నేను కత్తే తీసుకుంటాను. 2024లో గద కూడా వచ్చింది. మన భీముడు మెచ్చే ఆయుధం. ఎంత ఎత్తు నుంచి దూకుతూ కొడితే అంత బలం. గురి కుదిరితే ఆ దూకుడు వల్ల మనకు దెబ్బ తగలదు. గురి తప్పితే విరిగేవి మన కాళ్లే.

లెక్కలన్నీ అయ్యాక మావాణ్ని పిలిచి కాగితం చూపించాను. తప్పు నాదేనన్నాను. వాడు కాసేపు చూసి, “ఆ రోజు నేను చెప్పబోయింది ఇదే నాన్నా” అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు. ఆ ఆదివారం ఫోను వాడే చేశాడు.

వేసవి సెలవుల్లో మా తమ్ముడి లాప్‌టాపులో జావా పెట్టించాం. గుంటూరు నుంచి ఇక్కడికి కబురు వచ్చిపోవడానికి పావు సెకను పడుతోంది. అర సెకను తేడాలతో తేలే పోరాటంలో అది తక్కువేమీ కాదు. అయినా ఇద్దరూ ఇనుప కవచాలు తొడుక్కుని దిగారు. వాడు కత్తి, ఆ పిల్ల గొడ్డలి. అయిదు ఆటల్లో మూడు ఆ పిల్లే గెలిచింది. “అన్నయ్యా, నువ్వు చెప్పింది నిజమే” అని ఇల్లెగిరిపోయేలా అరిచింది.

మావాడిప్పుడు డాలు పట్టడం సాధన చేస్తున్నాడు. గొడ్డలి దెబ్బ ఆ డాలును అయిదు సెకన్ల పాటు పనిచెయ్యకుండా చేయగలదని చెల్లెలికింకా తెలియదు. నాకు తెలుసు, కానీ ఈసారి నేను నోరు విప్పదలచుకోలేదు.