మూర్ఛలో నైట్రిక్ ఆక్సైడ్ పాత్ర

మూర్ఛ మీద ప్రసంగమంటే మందులతో మొదలుపెట్టడం మామూలు. నేను ఒక వాయువుతో మొదలుపెడతాను. మోటారు బండ్ల పొగలో ఉండే నైట్రిక్ ఆక్సైడ్ మన రక్తనాళాల్లోనూ తయారై సంకేతాలు మోస్తుందని తేల్చినందుకే 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు నోబెల్ వచ్చింది. మెదడు కణాలూ ఇలాంటి పదార్థాన్నే వదులుతాయని గార్త్‌వైట్ బృందం 1988లోనే చూపింది.

ఫిట్ వచ్చినప్పుడు నాడీకణాలను రెచ్చగొట్టే గ్లుటమేట్ పొంగుతుంది. దాన్ని అందుకునే ఎన్‌ఎండీఏ గ్రాహకాలు తెరుచుకుని నాడీకణంలోకి కాల్షియం చొరబడుతుంది. ఆ కాల్షియం ఒక ఎంజైమును లేపితే, అది ఆర్జినైన్ నుంచి నైట్రిక్ ఆక్సైడ్‌ను తీస్తుంది. మిగతా నాడీ ప్రసారకాల్లా ఇది సంచుల్లో దాగి ఉండదు. పుట్టీపుట్టగానే పొరలు దాటి పక్క కణాల్లోకి పాకుతుంది, సెకన్లలో మాయమవుతుంది. ఆ కాస్త సేపట్లోనే గ్లుటమేట్‌ను ఇంకా ఎగదోయనూ గలదు, ఎన్‌ఎండీఏ గ్రాహకానికి అతుక్కుని దాని జోరు తగ్గించనూ గలదు.

అందుకే ప్రయోగాల ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగవు. మన పొరుగున మద్రాసు విశ్వవిద్యాలయంలో పిక్రోటాక్సిన్‌తో ఎలుకలకు ఫిట్స్ తెప్పించి చూశారు. ముందే ఆర్జినైన్ ఇచ్చిన ఎలుకల మెదడులో నైట్రిక్ ఆక్సైడ్, నాడీకణాలను శాంతపరిచే గాబా రెండూ పెరిగాయి, ఫిట్స్ తగ్గాయి. వేరేచోట్ల 7-నైట్రోఇండజోల్‌తో ఆ ఎంజైమును అణిచిపెడితే, కొన్ని పాత మూర్ఛ మందుల పట్టు పెరిగింది. పెంచినా మేలే, తగ్గించినా మేలేనా అని విద్యార్థులు విసుక్కుంటారు. ఫిట్ దేనితో తెప్పించారు, వాయువును ఎప్పుడు, ఎంత మోతాదుతో పెంచారు లేదా ఆపారు అన్నవి పక్కనపెట్టి చదివితే విసుగే మిగులుతుంది.

మందుల సంగతి క్లుప్తంగా చెబుతాను. 1912 నాటి ఫినోబార్బిటాల్ గాబాకు బలమిస్తుంది. 1938 నాటి ఫినిటాయిన్ సోడియం ద్వారాలను పట్టి ఉంచుతుంది. నైట్రిక్ ఆక్సైడ్‌నే గురిపెట్టిన మూర్ఛ మాత్ర వాడుకలో లేదు. మందు ఇచ్చాక ఆ వాయువు తగ్గిందంటే, ఫిట్ ఆగినందుకు తగ్గిందా, అది తగ్గినందుకు ఫిట్ ఆగిందా? నా దృష్టిలో ఇంకా తెగని ముడి ఇదే.

1956లో మొదలైన మన కర్నూలు వైద్య కళాశాలలో ఎవరైనా దీని మీద థీసిస్ చేయాలనుకుంటే ఒక హెచ్చరిక. రక్తంలో ఈ వాయువును నేరుగా పట్టడం కష్టం కాబట్టి, అది మారిన నైట్రైట్, నైట్రేట్‌లనే కొలుస్తాం. నైట్రేట్‌ను ముందు నైట్రైట్‌గా మార్చి గ్రీస్ కారకం కలిపితే నమూనా గులాబీ రంగుకు తిరుగుతుంది. కానీ రాత్రి తోటకూర పప్పు తిన్న మనిషిలోనూ ఆ రంగు ముదురుతుంది. నీళ్లతోనూ అదే చిక్కు. తాగునీటిలో నైట్రేట్ పరిమితి లీటరుకు 45 మిల్లీగ్రాములు. మన రాయలసీమలో దాన్ని దాటిన బోర్లు తక్కువేమీ కావు.

ఇంకో చిక్కు వలస. ఆదోని, కోసిగి పల్లెల నుంచి మిరప కోతలకు గుంటూరు వైపు సుగ్గికి పోయినవాళ్లకు అక్కడ మాత్రలు అయిపోతాయి. ఫినోబార్బిటాల్ ఉన్నట్టుండి మానేస్తే ఆ మానడమే ఫిట్ తెప్పిస్తుంది. అలాంటి రోగి రక్తంలో కనబడిన తేడాను జబ్బు ఖాతాలో వేస్తే లెక్క తప్పుతుంది. కాబట్టి రక్తం తీసే ముందు రాత్రి ఏం తిన్నారో, ఏ బోరు నీళ్లు తాగుతున్నారో, చివరి మాత్ర ఎప్పుడు మింగారో అడిగి కేస్ షీటులో రాయండి. ఆ తర్వాతే సిరంజి తీయండి.