ప్రాచీననౌకల పరిరక్షణము



సముద్రమునకు ఇంతదూరమున, చెఱువు నిండిన యేడే పండుగయని తలచు తనకల్లులో నిలిచి ఓడలనుగూర్చి ప్రసంగింప బూనుట కొందఱికి వింతగా తోపవచ్చును. కాని తెలుగువారికి ఓడ క్రొత్తది కాదు. శాతవాహనుల నాణెములమీద రెండు తెరచాపకొయ్యల ఓడ ముద్రింపబడియున్నది. కాకతి గణపతిదేవుడు 1244వ సంవత్సరమున మోటుపల్లిలో శాసనము వ్రాయించి, గాలివానకు పగిలి తీరమునకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును, నియతమైన సుంకము తప్ప, వర్తకులకే విడిచిపెట్టెను. పూర్వరాజులు అట్టి సరకును బలాత్కారముగా గైకొనుచుండిరని ఆ శాసనమే చెప్పుచున్నది. భోజరాజు పేర వెలసిన యుక్తికల్పతరువున నౌకాభేదములు వర్ణింపబడినవి. సముద్రమున అయస్కాంతశిలలుండునుగాన ఓడపలకలను ఇనుముతో బిగింపరాదని అందున్నది. నేటివారు నవ్వుకొందురుగాక, ఆ జాగ్రత్త మెచ్చదగినదే.

అమెరికాలోని శాండియాగో రేవున 1948లో స్థాపింపబడిన ప్రదర్శనశాల నీటిమీదనే యున్నది. ఓడలే దానికి మందిరములు. వానిలో ముఖ్యమైన 'స్టార్ ఆఫ్ ఇండియా' 1863లో ఐల్ ఆఫ్ మాన్ ద్వీపమున కట్టిన ఇనుపయోడ. తొలుత దాని పేరు 'యూటర్పీ'. అది గ్రీకుల గానదేవత పేరు. 1865లో ఆ యోడ మద్రాసు చేరువను పెనుగాలిలో చిక్కి, తెరచాపకొయ్యలను నఱికివేసి ప్రాణము దక్కించుకొని, ట్రింకోమలీ మీదుగా కలకత్తా చేరి బాగుపడినది. పిమ్మట వలసజనులను న్యూజిలాండునకు చేర్చుచు 21 మాఱులు భూప్రదక్షిణము చేసినది. 1927లో శాండియాగో చేరి, ధనములేక ముప్పదియేండ్లు చివికిపోయినది. 1957లో బాగుచేయ మొదలిడగా 1976లో మరల తెరచాపలెత్తి సముద్రమున సాగినది. ఇన్ని భాగములు మార్చిన ఓడ పాతదెట్లగునని యడుగువారు మన తిమ్మమ్మ మఱ్ఱిమానును చూడవలెను. ఊడలు దిగి మ్రాకులైనవి. మాను పేరు మారలేదు.

అదే రేవున బీ-39 అను రష్యా జలాంతర్గామి 2005 నుండి ఉండెడిది. అది ఉప్పునీట తుప్పుపట్టి, 2022లో తునకలు చేయుటకు పంపబడెను. మన విక్రాంతుకును ఇట్టి గతియే పట్టినది. 1971 యుద్ధమున బంగాళాఖాతముననే పోరాడిన ఆ విమానవాహకనౌక 1997లో విశ్రాంతి నొంది, ముంబయిలో ప్రదర్శనశాలయై తేలుచుండెను. 2012లో ప్రజాప్రవేశము నిలిపి, 2014లో పాతయినుముగా అమ్మిరి. దాని యినుముతో మోటారుసైకిళ్లు చేసిరని విన్ననాడు మాకు అన్నము రుచింపలేదు.

బీ-39కి సజాతీయమైనదే మన కుర్సురా. 1969లో రిగా నగరమున మన నౌకాసేనలో చేరి, 1971 యుద్ధమున పాల్గొని, 2001లో విరమించినది. తొంబదియొక్క మీటర్ల యా జలాంతర్గామిని విశాఖపట్టణమున రామకృష్ణా బీచి యిసుకమీదికి లాగి, కాంక్రీటుపై నిలిపి, 2002లో ప్రజలకు తెఱచిరి. నౌకాసేనలో పనిచేసి విరమించినవారే లోపల వివరించి చూపుదురు. నీటనున్న ఓడను కొంతకాలమున కొకమాఱు పొడిరేవున కెక్కించి, అడుగు గీకి, రంగు వేయవలెను. అందులకు ధనము చాలనిచోట గట్టెక్కించుటయే మేలని మా యభిప్రాయము. ఒడ్డుననున్నను ఉప్పుగాలి విడువదు, రంగుకుంచె చేతనుండవలసినదే.

పోషకులు కోపగింపరాదు. మన సంఘవసతిగృహమునకు శంకుస్థాపన నాడు చందాలు ధారాళముగా వచ్చినవి. పైకప్పు కారుచున్నదని రెండేండ్లుగా విన్నవించుచున్నను పలికినవారు లేరు. శిలాఫలకము లేని పనికి దాతలు అరుదు. కావున ఏటేట మరమ్మతునకే వినియోగింపవలసిన నిధి యొకటి నెలకొల్పవలెనని ఈ సభలో తీర్మానము ప్రవేశపెట్టుచున్నాము. ఆ వసతిగృహపు పిల్లలలో సముద్రము చూచినవారు మిక్కిలి తక్కువ. వారిని వేసవిసెలవులలో విశాఖకు పంపి కుర్సురాను చూపించుటకు రైలు వ్యయము భరింపగలవారు ఈ సాయంకాలమే కార్యదర్శిగారికి తమ పేరు లియ్యవలెనని కోరుచున్నాము.