గుట్టదారిలో సైకిలు



మన చిట్యాల యువకులు సైకిళ్లపై పాండవులగుట్టలకును, 1213 నాటి రామప్పగుడికిని పోవ నుత్సహించుచున్నారు. వారింపకుడు, సన్నద్ధులను జేసి పంపుడు.

1888లో డన్లప్ దొర గాలిటైరునకు పేటెంటు పొందినది మొదలు సైకిలునకు గాలియే ప్రాణము. రాతిదారిలో గాలి యించుక తగ్గించినచో చక్రమునకు పట్టు కుదురును. మిక్కిలి తగ్గించినచో ట్యూబు రాతికిని రిమ్ముకును నడుమ నలిగి తెగును. ముల్లు దిగినప్పుడు టైరు లోపలిభాగమును తడిమి, దానిని తీసిన పిమ్మటనే అతుకు వేయవలెను; లేనిచో అతుకు వ్యర్థము. పంపు, సొల్యూషను, అతుకుముక్కలు, పానా, త్రాగునీరు వెంట నుండవలెను.

దిగుడున ముందుబ్రేకు నొక్కసారిగా బిగించినవాడు తలక్రిందుగా పడును. రెండు బ్రేకులను మెల్లగా పట్టుచు, శరీరమును వెనుకకు జరుపవలెను. తలకు హెల్మెటు తప్పదు.

బ్రేకురబ్బర్లరిగిన సైకిలును గడప దాటనీయకుండుట పెద్దలమైన మన ధర్మము. యాత్రను మాన్పుట కాదు.