మన కాలనీ స్థలానికి మన ప్లాను
(సమాఖ్య వార్షిక మహాసభలో చీమకుర్తి సంఘం లీడరు ప్రసంగ పాఠం)

నన్ను పొదుపు గురించి, బ్యాంకు లింకేజీ గురించి మాట్లాడమన్నారు. ఆ లెక్కలన్నీ ఈ రిపోర్టులోనే ఉన్నాయి, తీరిగ్గా చదువుకోవచ్చు. నాకిచ్చిన పది నిమిషాలూ పార్కుల గురించి మాట్లాడతాను. "పార్కులు డబ్బున్నోళ్ల గొడవ, మనకెందుకే" అని మా గ్రూపులో ఒక పెద్దమ్మే అంది. ఆమెకు చెప్పిందే మీకూ చెబుతాను.

హైదరాబాదులో కేబీఆర్ పార్కు ఉంది. కేబీఆర్ అంటే కాసు బ్రహ్మానందరెడ్డి గారు, మన గుంటూరు జిల్లా మనిషే. ఆయన ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడే 1970లో మన జిల్లా ఏర్పడింది. ఆ పార్కును 1998లో జాతీయ పార్కుగా ప్రకటించారు. నగరం నడిమధ్యలో అడవి, అందులో నెమళ్లు. 2016లో దాని చుట్టూ ఫ్లైఓవర్లు కడతామన్నారు. అందుకు వెయ్యికి పైగా చెట్లు పోతాయని తెలిసింది. పొద్దున్నే నడవడానికి వచ్చేవాళ్లు, చదువుకునే పిల్లలు, ఇంట్లో ఉండే ఆడవాళ్లు రోడ్డు మీదకి వచ్చారు. హరిత ట్రిబ్యునల్‌కి పోయారు. ఆ ఏడాదే చెట్లు కొట్టకుండా స్టే వచ్చింది. వాళ్లు ఊరికే వద్దనలేదమ్మా. బస్సులు, మెట్రో బాగుంటే ఇన్ని కార్లు ఎందుకొస్తాయి అని అడిగారు.

అంతటితో అయిపోయిందా? లేదు. 2024లో మళ్లీ ఆ పార్కు చుట్టూ ఆరు కూడళ్లలో ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు అని 826 కోట్ల పని ముందుకొచ్చింది. జనం మళ్లీ బయల్దేరారు. ఒకసారి స్టే తెచ్చుకుని ఇంటికి పోయి పడుకుంటే సరిపోదని నాకు దాంతోనే అర్థమైంది.

ఇంకొకటి బెంగళూరులో. సదాశివనగర్‌లో పార్కుకి వదిలిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇచ్చారు. ఆసుపత్రి మంచిదే కదా అంటారు మీరు, నేనూ అంటాను. కానీ అక్కడివాళ్లు కోర్టుకి పోయారు. పార్కు స్థలం అందరిదీ, దాన్ని ప్రైవేటు వాళ్లకి రాసివ్వడం కుదరదని 1991లో సుప్రీంకోర్టు తేల్చింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, పనికొచ్చిద్ది.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. మన నల్ల గ్రానైట్, ఆ గెలాక్సీ రాయి, దేశదేశాలకు పోయిద్ది. మనకి మిగిలేది దుమ్ము. సాయంత్రం పిల్లలు ఆడుకునేది టిప్పర్లు తిరిగే రోడ్డు పక్కనే. లేఅవుట్ వేసేటప్పుడు నూటికి పది వంతుల స్థలం ఖాళీగా వదలాలని రూలుంది. మన కాలనీల్లో ఆ స్థలాలు సర్కారు తుమ్మ మొలిచి, చెత్త దిబ్బలై ఉన్నాయి. ఖాళీగా కనిపిస్తే ఎవరి కన్నో పడిద్ది. ఇవాళ కాకపోతే రేపు ఎవరో ఒకరు బాగుచేస్తామని వస్తారు. చుట్టూ ఎత్తు గోడ, గేటుకి టికెట్టు, లోపల అంగళ్లు. టికెట్టు పెట్టాక మిరపకోతకి పోయి వచ్చిన ఆడమనిషి లోపలికి పోయి కూర్చుంటుందా?

మా గ్రూపులో దీని మీద గట్టిగానే వాదన జరిగింది. రెండు రూములు కట్టి అద్దెకిస్తే సంఘానికి ఆదాయం కదా అని నలుగురన్నారు. తప్పేం కాదు ఆ ఆలోచన, అప్పులు కట్టేవాళ్లం మనం. కానీ రెండు రూములు ఆరవుతాయి. అప్పుడు వేపచెట్టు ఎక్కడ పెడతాం? మూడు వారాలు మాట్లాడుకుని చివరికి అంగడి వద్దన్నారు. దుమ్ము దగ్గర ఆపడానికి రోడ్డు వైపు కానుగ, వేప వరుసలు. మధ్యలో పిల్లలకి చదును నేల. ముసలివాళ్లకి నాపరాయి అరుగులు. లైట్లు, ఆడవాళ్లకి మరుగుదొడ్డి. గోడ నడుము ఎత్తే ఉండాలి, లోపల ఏం జరుగుతుందో బజారుకి కనపడాలి. ఈ చివరి మాట వయసొచ్చిన ఆడపిల్లల తల్లులది.

చేయగలమా అని సందేహం వద్దు. ఒడిశాలో 2020లో, కరోనా కాలంలో, పట్టణాల్లో కూలిపనుల పథకం పెట్టి పనులు పొదుపు సంఘాల చేతికే ఇచ్చారు. ఆడవాళ్లే మస్టరు రాసి, పని చేయించి, లెక్క చెప్పారు. మనం మినిట్స్ బుక్కు తప్పకుండా రాస్తాం. లక్షల అప్పు పైసాతో సహా కడతాం. చెట్లకి నీళ్లు పోయించే లెక్క రాయలేమా?

అయితే చెట్లు నాటి ఫొటో దిగే పనికి మా గ్రూపు రాదు. మొదటి రెండు ఎండాకాలాలు నీళ్లు ఎవరు పోస్తారో వంతులు రాసుకున్నాకే గుంత తవ్వుతాం. పనిచేసే వాళ్లకి కూలి కూడా ఇవ్వాలి. సేవ సేవ అని ఆడవాళ్ల చేత ఊరికే చేయించుకోవడం నాకు ఇష్టం లేదు, ఈ సభలోనే చెబుతున్నాను.

నేను అడిగేది రెండే. మన కాలనీల్లో ఖాళీ స్థలాలు ఎన్ని, ఎంతెంత, ఎవరి పేరున ఉన్నాయో కాగితం కావాలి. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది, అర్జీ రాసి తెచ్చాను. రెండోది, ఆ స్థలాల్లో ఏ పని చేసినా ముందు ఆ బజారు సంఘాల సమావేశం పెట్టి అడగాలని ఈ సభ తీర్మానం చేయాలి. అర్జీ, తీర్మానం కాగితం రెండూ గుమ్మం దగ్గర టేబుల్ మీద పెట్టాను. భోజనాలకి లేచేటప్పుడు చదివి, సమ్మతమైతే సంతకం పెట్టండి. చదవడం రానివాళ్లకి మా రెండో లీడరు చదివి వినిపిస్తుంది.